చేపల పటాలూ, జాలరుల పేర్లూ

పాత ప్రకృతి శాస్త్ర గ్రంథాలలోని చేపల బొమ్మలకు చట్రాలు కట్టించి గోడలకు వేలాడదీయడం నేడు కలవారి ఇళ్లలోనూ, హోటళ్లలోనూ ఒక అభిరుచిగా చెలామణి అవుతున్నది. అందమైన వస్తువును గోడకు తగిలించుకోవడంలో తప్పేమీ లేదు. కాని ఆ బొమ్మ ఎవరి డబ్బుతో, ఎవరి చేతితో, ఎవరి జ్ఞానంతో తయారయిందో అడగకుండా దాని అందాన్ని మాత్రమే మెచ్చుకుంటే చరిత్రను మరచినట్లే. ఈ ప్రశ్న తెలుగువారికి పరాయిది కూడా కాదు. అటువంటి గ్రంథాలలో ప్రసిద్ధమైనదొకటి మన విశాఖపట్నం తీరంలోనే రూపొందింది.

స్కాట్లండు వైద్యుడు పాట్రిక్ రస్సెల్ సిరియాలోని అలెప్పోలో చాలాకాలం వైద్యం చేసి, తరువాత కంపెనీ కొలువులో ఉన్న సోదరుని వెంట విశాఖపట్నం చేరాడు. 1785లో కోనిగ్ మరణించాక మద్రాసు రాజధానిలో కంపెనీకి ప్రకృతి శాస్త్రజ్ఞుడుగా నియమితుడయ్యాడు. 1789లో స్వదేశానికి మరలిపోయాడు. విశాఖ తీరంలో సేకరించిన రెండువందల చేపల వర్ణనలు, చిత్రాలు రెండు సంపుటాలుగా 1803లో లండనులో అచ్చయినాయి. కంపెనీ డైరెక్టర్ల ఆజ్ఞపైనే అవి వెలువడ్డాయి.

విశాఖ ఉన్న ఉత్తర సర్కారులలో ఆనాడు రాజ్యం చేసినది ఆ కంపెనీయే. ఆ రాజ్యాన్ని నిలిపినది రైతు చెల్లించిన శిస్తు. బొమ్మలు సముద్రం దాటిన తరువాత, పుస్తకం అచ్చు కాకముందు, 1790–92 మధ్య ఇదే తీరం ఘోరమైన కరువుతో అల్లాడింది. ఆ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడే ఆనాటి శాస్త్రానికి గల ఆర్థిక పునాది మనకు కనబడుతుంది.

అయితే పునాది చెడ్డది గనుక పుస్తకమంతా చెడ్డదనడం తొందరపాటు. రస్సెల్ ఒక మేలు చేశాడు: చేపలను స్థానికులు ఏ పేర్లతో పిలిచారో ఆ పేర్లతోనే నమోదు చేశాడు. గ్రంథం తొలి పుటలలోనే తిమిరి, నల్లతిమిరి అన్న రెండు చేపలు కనిపిస్తాయి. తాకితే చేయి తిమ్మిరెక్కించే విద్యుత్తు గల చేపలవి. పేరులోనే లక్షణం ఉన్నది. దానికి ముందు రంగును చేర్చి ఒక రకాన్ని మరొక రకం నుండి వేరు చేశారు. సొరలకూ, టెంకెలకూ, పారలకూ ఇదే పద్ధతి. జాతికి ఒక మాట, భేదానికి మరొక మాట. 1758లో లిన్నేయస్ జంతువులన్నిటికీ వర్తింపజేసిన రెండు మాటల పద్ధతికీ, బడి మెట్లెక్కని మన జాలరుల పద్ధతికీ ఉన్న ఈ పోలిక ఆలోచింపదగినది. వల లాగేవాడికి వర్గీకరణ వినోదం కాదు. ఏది తిమ్మిరెక్కిస్తుందో, ఏది ముల్లు గుచ్చుతుందో, ఏది బజారులో అమ్ముడవుతుందో తెలియకపోతే అతనికి పూట గడవదు. శ్రమ నుండి పుట్టిన జ్ఞానమంటే ఇదే.

ఈ జ్ఞానం ఐరోపా శాస్త్రంలోకి ఎట్లా ప్రవేశించిందో చూడండి. రస్సెల్ ‘కానగుర్త’ అని రాసిన చేపకు 1816లో పారిసులో కువియే ఆ మాటనే శాస్త్రనామంగా పెట్టాడు. కోస్తా బజార్లలో కానాగంతలని అమ్మే చేప ఇదే. ప్రపంచంలోని ఏ ప్రయోగశాలలోనైనా నేటికీ దాని పేరు రాస్ట్రెల్లిజర్ కానగుర్త. ‘సావల’ కూడా అట్లాగే శాస్త్రనామమయింది. ‘తోల్ పార’లో ‘తోల్’ మిగిలింది, ‘పార’ పోయింది. మాటలు విశ్వవ్యాప్తమైనాయి. కాని వాటిని చెప్పిన జాలరులలో ఒక్కరి పేరూ మిగలలేదు. బొమ్మలు గీసిన భారతీయ చిత్రకారుని పేరు కూడా మనకు దక్కలేదు. గంగానది చేపలపై 1822లో గ్రంథం వెలువరించిన హామిల్టన్ వద్ద పనిచేసిన వంగ చిత్రకారుడు హాలుదార్ పేరు నిలిచింది. అటువంటి అదృష్టం అరుదు.

బెర్లిను వైద్యుడు బ్లోఖ్ గ్రంథం దీనికి మంచి పోలిక. 1782–95 మధ్య 432 రంగు పటాలతో పన్నెండు సంపుటాలుగా వెలువడిన ఆ గ్రంథంలో, ఖర్చు భరించిన పోషకుల పేర్లు ఎన్నో పటాల అడుగున చెక్కబడ్డాయి. తరంగంబాడి నుండి జాన్ అనే మిషనరీ పంపిన చేపలు ఆ గ్రంథంలో చేరాయి. మన కొరమీనుకు చారలను బట్టి ‘స్ట్రయాటస్’ అన్న శాస్త్రనామం 1793లో అక్కడే వచ్చింది. డబ్బిచ్చినవాని పేరు రాగిరేకు మీదికెక్కింది. చేపను పట్టినవాని పేరు ఎక్కడికీ ఎక్కలేదు.

గోడ అలంకారం ఈ అన్యాయాన్ని పూర్తిచేస్తుంది. పుస్తకం కుట్టు విప్పి పటాలను విడివిడిగా అమ్మితే వర్తకునికి లాభం ఎక్కువ. పటం చట్రంలోకి పోతుంది, వర్ణన ఉన్న పుటలు వెనక పడిపోతాయి. నీరూ, వలా, పడవా అసలే లేని తెల్లని కాగితం మీద చేప ఒంటరిగా మిగులుతుంది.

చేపను నీటి నుండీ, జాలరి నుండీ వేరుచేసి చూసే ఈ దృష్టి గోడల మీదనే ఆగిపోలేదు. విశాఖకు చాలా దూరాన, 2008లో మొదలైన ఐఐటి హైదరాబాద్ ఆవరణ ఉన్న కంది వైపు రండి. ఆ చుట్టుపక్కల నక్కవాగు పటాన్‌చెరు పరిశ్రమల మురికిని మోసుకొని మంజీరలో కలుస్తుంది. 2007లో వెలువడిన స్వీడన్ శాస్త్రజ్ఞుల పరిశోధన, పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుండి వెలువడిన నీటిలో సిప్రోఫ్లోక్ససిన్ మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉన్నదని తేల్చింది. అది శుద్ధి అయిన తరువాతి నీరు! 2017లో గండిగూడెం చెరువులో చేపలు గుట్టలుగా చచ్చి తేలాయి. కొరమీనును 2016లో తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించుకున్నాం. బిరుదు పొందిన చేపకు నీరు దక్కకపోతే ఆ బిరుదు కూడా చట్రంలో బిగించిన పటమే.

కనుక ఈ ప్రాంతపు విద్యార్థులకు, ఉపాధ్యాయులకు ఒక పని ఉన్నది. నక్కవాగు, మంజీర గట్ల బెస్తలను, ముదిరాజులను కలుసుకొని, వారికి తెలిసిన చేపల పేర్లను, వాటిలో ఇప్పుడు కనబడనివేవో, ఎప్పటి నుండి కనబడటం లేదో రాసుకోవాలి. చెప్పినవారి పేరును, వారి అనుమతితో, మొదటి పుటలోనే అచ్చు వేయాలి. రస్సెల్ పుస్తకంలో ఖాళీగా మిగిలిన చోటు అదే. అటువంటి జాబితా అందంగా లేకపోవచ్చు. ఆ నీటిమీద హక్కు ఎవరిదో తేల్చవలసిన రోజున సాక్ష్యంగా నిలిచేది మాత్రం అదే.