కోరంగి డాకు - మన కాలువ లాకులు

మాది తాడేపల్లి. కృష్ణ యొడ్డున నుండువానికి సముద్రపు టోడలతో నేమి పనియని మీరు నవ్వవచ్చును. పని కలదు.

కాకినాడకు దక్షిణమున, గోదావరి పాయ యొడ్డున కోరంగి యను గ్రామము కలదు. అచ్చట 1802వ సంవత్సరమున ఎబెనెజర్ రోబక్ అను ఆంగ్లేయుడు ఓడల మరమ్మతునకు డాకు కట్టించెను. మొదట నందులోనికి వచ్చినది ఆల్బట్రాస్ అను యుద్ధనౌక.

డాకనగా నేమి? బడిలో పిల్లలకు నేను లాకును జూపి చెప్పెడివాడను. లాకునకు రెండు కొసల తలుపులు, నడుమ గది యుండును. నీరు నింపినచో పడవ మెట్టెక్కినట్లు పై కాలువకు చేరును. డాకునకు ఒక కొసనే తలుపు. పోటున ఓడ లోనికి వచ్చును. తలుపు మూసి నీరు తీసివేసినంతనే దాని యడుగు బయటపడును. వడ్రంగులు పుచ్చిన పలకలు మార్చి, సందులు పూడ్చి, తారు పూయుదురు.

1839 నవంబరు తుపాను కోరంగిని ముంచెను. ఒండ్రు రేవును పూడ్చెను. వర్తకము కాకినాడకు తరలెను. బర్మాకు వలసపోయిన తెలుగువారిని అచ్చటివారు ‘కోరంగీ’లనిరి. కట్టడముకంటె పేరే దూరము పోయినది!

అట్టి గతి మన లాకులకు పట్టరాదు. కృష్ణ ఆనకట్ట 1855లో ముగిసెను. సీతానగరము నుండి పెదగంజాము వరకు 113 కిలోమీటర్లు సాగు కొమ్మమూరు కాలువ అచ్చట బకింగ్‌హాము కాలువతో కలియును. ఆ దారిని ధాన్యము చెన్నపట్టణమునకు పోయెడిది. గాలి లేనినాడు పడవవారు గట్టున నడచి త్రాటితో లాగెడివారు. రైళ్లును లారీలును వచ్చి ఆ రాకపోకలను మాన్పినవి. ఉండవల్లి గుహలను జూడ వచ్చువారు చేరువనున్న ఈ కాలువ వంక చూడనైన చూడరు. గుడులందును గుహలందునే చరిత్ర యున్నదని మా పండితులకును ఒక పట్టుదల. సున్నపు గచ్చుతో నీటి నాపిన తాపీవాని నేర్పు చరిత్ర కాదా?

2008లో ఈ మార్గమును జాతీయ జలమార్గముగా ప్రకటించిరి. పెద్ద పడవలకు పాత లాకు చాలదు. సేద్యపు నీటి కడ్డమైన రాతిని పూజింపుడని నే ననను. కాని వీలున్నచోట పాతగదిని విడిచి ప్రక్కన క్రొత్తది కట్టరాదా? వీలులేనిచోట, పగులగొట్టుటకు ముందే కొలతలును ఛాయాపటములును తీసి, తలుపు నొకదానిని గట్టుపై నిలుపరాదా?

దుగ్గిరాల మొదలు మీ మీ యూళ్ల లాకులకు పోయి చూడుడు. గోడపై సంవత్సరము చెక్కిన రాయి యున్నచో వ్రాసికొనుడు. పడవ నడిపిన ముదుసలి యెవరైన నున్నచో, ఆయన చెప్పు రేవుల పేర్లును వ్రాసికొనుడు.