మహమ్మారి కాలంలో అంతర్జాతీయ విమాన, నౌకా ప్రయాణికుల పరీక్షల నిబంధనలు: 2020-2023 పూర్వాపరాలు

కోవిడ్-19 మహమ్మారి కాలంలో విదేశాల నుంచి భారతదేశానికి విమాన, నౌకా మార్గాల్లో వచ్చిన ప్రయాణికులకు వర్తింపజేసిన పరీక్షల నిబంధనలు 2020 మే నుంచి 2023 జూలై వరకు అనేక పర్యాయాలు సవరణకు గురయ్యాయి. మార్గదర్శకాలు జారీ అయిన తేదీ ఒకటి, అవి అమలులోకి వచ్చిన తేదీ మరొకటి కావడం వల్ల ఆ కాలపు విషయాలను ప్రస్తావించేటప్పుడు పొరపాట్లు దొర్లే అవకాశం ఉంది. పాత్రికేయులు, అధికారుల సౌకర్యార్థం ఆ నిబంధనల పూర్వాపరాలను ఇక్కడ పొందుపరచడమైనది.

అధికార పరిధి

ఓడరేవుల వద్ద క్వారంటైన్ అనే అంశం రాజ్యాంగం ఏడవ షెడ్యూలులోని కేంద్ర జాబితా 28వ పద్దులో ఉంది. ప్రజారోగ్యం రాష్ట్ర జాబితా 6వ పద్దులోనిది. ఒక రాష్ట్రం నుంచి మరొక రాష్ట్రానికి అంటువ్యాధులు వ్యాపించకుండా నివారించే అంశం ఉమ్మడి జాబితా 29వ పద్దు కిందికి వస్తుంది. అందువల్ల శంషాబాద్ విమానాశ్రయంలో గానీ, విశాఖపట్నం రేవులో గానీ దిగిన ప్రయాణికుడికి ఏ పరీక్ష చేయాలన్నది నిర్ణయించింది కేంద్ర ఆరోగ్య, కుటుంబ సంక్షేమ మంత్రిత్వ శాఖ. ప్రాంగణం దాటి వెలుపలికి వచ్చిన తరువాత అతడి యోగక్షేమాలను విచారించవలసిన బాధ్యత మాత్రం రాష్ట్ర యంత్రాంగానిది. విమానాశ్రయం నుంచి అందిన ప్రయాణికుల జాబితాలను జిల్లాల వారీగా విభజించి, ఇంటింటికీ వెళ్లి ఆచూకీ తీసిన క్షేత్రస్థాయి ఆరోగ్య కార్యకర్తల శ్రమ ఆ కాలపు ఉత్తర్వుల్లో ఒకటి రెండు వాక్యాలకు మించి కానరాదు.

ఈ విషయంలో కేంద్రానికి ఆధారమైన శాసనాలు పాతవే. 1954 నాటి భారత విమానాల ప్రజారోగ్య నియమాలు, 1955 నాటి భారత ఓడరేవుల ఆరోగ్య నియమాలు, 1897 నాటి అంటువ్యాధుల చట్టం, వీటికి తోడు 2007 జూన్ 15 నుంచి అమలులోకి వచ్చిన అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలు ఉన్నాయి. విదేశీ నౌక రేవుకు చేరినప్పుడు నౌకాధిపతి ఆరోగ్య ప్రకటన సమర్పించడం, రేవు ఆరోగ్యాధికారి సంతృప్తి చెంది అనుమతి ఇచ్చిన మీదటనే తీరంతో రాకపోకలు ప్రారంభం కావడం మహమ్మారికి ఎంతో ముందు నుంచి ఉన్న ఆనవాయితీయే.

యోకోహామా అనుభవం

నౌకా ప్రయాణికుల పరీక్షల గురించి ప్రపంచం నేర్చుకున్న తొలి పాఠం జపాన్‌లోని యోకోహామా రేవులో ఎదురైంది. డైమండ్ ప్రిన్సెస్ అనే విహారనౌక 2020 జనవరి 20న యోకోహామా నుంచి బయలుదేరింది. జనవరి 25న హాంకాంగ్‌లో దిగిన ఒక ప్రయాణికుడికి వ్యాధి సోకినట్లు ఫిబ్రవరి 1న నిర్ధారణ అయింది. ఫిబ్రవరి 3న నౌక తిరిగి యోకోహామాకు చేరగా, 5వ తేదీ నుంచి ప్రయాణికులను వారి గదులకే పరిమితం చేశారు. అప్పటికి నౌకలో ప్రయాణికులు, సిబ్బంది కలిపి 3,711 మంది ఉన్నారు.

పరీక్షా సామర్థ్యం పరిమితంగా ఉండడంతో మొదట లక్షణాలు ఉన్నవారికి, వారితో సన్నిహితంగా మెలగినవారికి మాత్రమే పరీక్షలు చేసి, తరువాత క్రమంగా అందరికీ విస్తరించారు. ఫిబ్రవరి 20 నాటికి జరిపిన 3,063 పరీక్షల్లో 634 మందికి వ్యాధి ఉన్నట్లు తేలగా, వారిలో 328 మందికి నమూనా సేకరించిన నాటికి ఏ లక్షణమూ లేదు. మొత్తం మీద బాధితుల సంఖ్య 712కు చేరింది. జ్వరం ఉన్నదా, దగ్గు ఉన్నదా అని విచారించి పంపే పద్ధతి ఈ వ్యాధి విషయంలో సగం మందిని విడిచిపెడుతుందని ఆ అంకెలే తెలియజెప్పాయి.

ఆ నౌకలో 138 మంది భారతీయులు ఉన్నారు. వారిలో ఆరుగురే ప్రయాణికులు, తక్కిన 132 మంది సిబ్బంది. గదుల్లో ఉన్నవారికి ఆహారం అందించింది సిబ్బందే. వారికి ఒంటరి గదులు లేవు, విధుల నుంచి విరామమూ లేదు. 119 మంది భారతీయులను ఎయిర్ ఇండియా ప్రత్యేక విమానంలో ఫిబ్రవరి 27న ఢిల్లీకి తీసుకువచ్చి, మానేసర్ శిబిరంలో ఉంచారు. విహారనౌకల నిబంధనలన్నీ ప్రయాణికుడిని దృష్టిలో ఉంచుకొని రాసినవి కాగా, యోకోహామాలో భారతీయులకు సంబంధించినంత వరకు అది ప్రధానంగా నౌకా కార్మికుల సమస్య అన్న సంగతి గమనార్హం.

థర్మల్ స్క్రీనింగ్ నుంచి నిర్బంధ పరీక్ష వరకు

హైదరాబాద్‌తో సహా ఏడు విమానాశ్రయాల్లో చైనా నుంచి వచ్చే ప్రయాణికులకు 2020 జనవరి 21 నుంచి థర్మల్ స్క్రీనింగ్ నిర్వహించారు. మార్చి 4 నుంచి విదేశాల నుంచి వచ్చే ప్రయాణికులందరికీ దీనిని విస్తరించారు. తెలంగాణలో తొలి కేసు మార్చి 2న, ఆంధ్రప్రదేశ్‌లో తొలి కేసు మార్చి 12న నమోదు కాగా, రెండూ విదేశాల నుంచి వచ్చిన ప్రయాణికులవే. శరీర ఉష్ణోగ్రతను కొలిచే యంత్రం జ్వరాన్ని మాత్రమే పసిగట్టగలదు. లక్షణాలు కనబడని రోగి దాని ముందు నుంచి నిరాటంకంగా సాగిపోగలడు. మార్చి 22 నుంచి అంతర్జాతీయ ప్రయాణికుల విమాన సర్వీసులు నిలిచిపోయాయి. షెడ్యూలు ప్రకారం నడిచే సర్వీసులు తిరిగి ప్రారంభమైనది 2022 మార్చి 27న.

ఈ మధ్యకాలంలో విదేశాల్లో చిక్కుకున్నవారిని వందే భారత్ మిషన్ ద్వారా 2020 మే 7 నుంచి విమానాల్లోనూ, నౌకాదళం చేపట్టిన సముద్ర సేతు ద్వారా నౌకల్లోనూ స్వదేశానికి చేర్చారు. ఐఎన్‌ఎస్ జలాశ్వ 698 మందితో మాల్దీవుల నుంచి మే 10న కొచ్చి చేరింది. మే 24న జారీ అయిన మార్గదర్శకాల ప్రకారం వచ్చిన ప్రతి ఒక్కరూ 14 రోజుల క్వారంటైన్‌కు అంగీకరిస్తూ హామీ పత్రం ఇవ్వాలి. అందులో ఏడు రోజులు సంస్థాగత క్వారంటైన్‌లో సొంత ఖర్చుతో, తక్కిన ఏడు రోజులు ఇంటి వద్ద గడపాలి. ఉపాధి కోల్పోయి గల్ఫ్ దేశాల నుంచి తిరిగివచ్చిన కార్మికుడికి ఆ ఏడు రోజుల బస ఖర్చు విమాన టికెట్టుకు అదనపు భారమైంది.

పరీక్షా నివేదికకు ప్రాధాన్యం వచ్చింది ఆగస్టు 2 నాటి మార్గదర్శకాలతో. ఆగస్టు 8 నుంచి అమలులోకి వచ్చిన ఆ నిబంధనల ప్రకారం ప్రయాణానికి 96 గంటల లోపు చేయించుకున్న ఆర్‌టీపీసీఆర్ పరీక్షలో నెగెటివ్ వచ్చినవారికి సంస్థాగత క్వారంటైన్ నుంచి మినహాయింపు కోరే వీలు కలిగింది. నవంబర్ 5 నాటి సవరణలో ఈ గడువును 72 గంటలకు కుదించారు. 2021 ఫిబ్రవరి 22 అర్ధరాత్రి నుంచి నెగెటివ్ నివేదిక ఐచ్ఛికం కాక తప్పనిసరి అయింది. ఎయిర్ సువిధ పోర్టల్‌లో స్వీయ ప్రకటనతో పాటు ఆ నివేదికను కూడా ముందుగానే అప్‌లోడ్ చేయవలసి వచ్చింది. సముద్ర మార్గంలో, భూమార్గంలో వచ్చినవారికి కూడా ఇవే నిబంధనలు వర్తించాయి. అయితే ఆన్‌లైన్ నమోదు సౌకర్యం వారికి లేదు. స్వీయ ప్రకటన పత్రాన్ని రేవులో దిగిన తరువాత అక్కడి అధికారులకే అందజేయాలని మార్గదర్శకాల్లో పేర్కొన్నారు.

కుటుంబంలో మరణం సంభవించి వస్తున్నవారికి ముందస్తు పరీక్ష నుంచి 2021 ఫిబ్రవరి మార్గదర్శకాలు మినహాయింపు ఇచ్చాయి. దానికి పోర్టల్‌లో విమానం ఎక్కడానికి కనీసం 72 గంటల ముందు దరఖాస్తు చేసుకోవాలి. తండ్రి మరణవార్త విని బయలుదేరే కుమారుడికి మూడు రోజుల ముందు దరఖాస్తు అన్న షరతు ఏ విధంగా ఉపకరిస్తుందో మార్గదర్శకాలు రూపొందించినవారు ఆలోచించినట్లు కానరాదు.

గంటల లెక్క

96 గంటలు 72 కావడం, కొన్ని దేశాల్లో 48 గంటలకూ, ఒక్క రోజుకూ తగ్గడం కేవలం పరిపాలనాపరమైన కాఠిన్యం కాదు. ఆర్‌టీపీసీఆర్ నివేదిక నమూనా సేకరించిన క్షణం నాటి స్థితిని మాత్రమే తెలుపుతుంది. వ్యాధి సోకిన తొలి రోజుల్లో పరీక్షలో అది బయటపడకపోవచ్చు. పరీక్షకు, ప్రయాణానికి మధ్య వ్యవధి ఎంత పెరిగితే ఆ పత్రానికి విలువ అంత తగ్గుతుంది. గడువును కుదించడంలోని ఆంతర్యం ఇదే. లెక్కించవలసింది పరీక్ష జరిగిన సమయం నుంచి గానీ, నివేదిక చేతికి అందిన సమయం నుంచి కాదు. నివేదిక వెలువడిన గంట నుంచి లెక్కవేసుకుని విమానాశ్రయానికి చేరినవారికి ప్రవేశం లభించే అవకాశం లేకపోయింది.

అమెరికా తన దేశానికి వచ్చే విమాన ప్రయాణికులకు 2021 జనవరి 26 నుంచి ముందస్తు పరీక్షను తప్పనిసరి చేసినప్పుడు గంటలను కాక రోజులను ప్రమాణంగా తీసుకున్నది. మూడు రోజుల లోపు అని పేర్కొనడం వల్ల విమానం ఏ గంటకు బయలుదేరినా ప్రయాణికుడికి చిక్కు రాదు. ఒమిక్రాన్ నేపథ్యంలో 2021 డిసెంబర్ 6 నుంచి దీనిని ఒక్క రోజుకు తగ్గించి, 2022 జూన్ 12న పూర్తిగా ఉపసంహరించారు. ఉన్నత విద్యకు, ఉద్యోగానికి అమెరికా వెళ్లే తెలుగువారికి సుమారు ఏడాదిన్నర పాటు ఈ నిబంధన వర్తించింది.

తెలుగు రాష్ట్రాల కార్మికులను అధికంగా ఇబ్బంది పెట్టింది యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ నిబంధన. భారత్ నుంచి విమానాలను 2021 ఏప్రిల్‌లో నిలిపివేసిన ఆ దేశం, ఆగస్టు 5 నుంచి నివాస అనుమతి గలవారిని తిరిగి అనుమతించినప్పుడు, 48 గంటల లోపు ఆర్‌టీపీసీఆర్ నివేదికకు తోడు, విమానం బయలుదేరడానికి కొద్ది గంటల ముందు విమానాశ్రయంలోనే ర్యాపిడ్ పీసీఆర్ పరీక్ష కూడా ఉండాలని షరతు విధించింది. ఆ పరీక్షా సౌకర్యం లేని విమానాశ్రయం నుంచి ప్రయాణమే సాధ్యం కాదు. గల్ఫ్‌కు బయలుదేరిన కార్మికుడికి ఆ చివరి పరీక్షలో పాజిటివ్ వస్తే టికెట్టు, రెండు పరీక్షల రుసుము నష్టపోవడమే కాక, వీసా గడువు సమస్య కూడా తలెత్తేది. 2022 ఫిబ్రవరి 22 నుంచి దుబాయ్ ప్రయాణికులకు ఈ ర్యాపిడ్ పరీక్ష రద్దయింది.

కొత్త రకాలు, మారిన ఉద్దేశం

బ్రిటన్‌లో కొత్త రకం వైరస్ బయటపడడంతో 2020 డిసెంబర్ 22 అర్ధరాత్రి నుంచి ఆ దేశపు విమానాలను తాత్కాలికంగా నిలిపివేశారు. నవంబర్ 25 నుంచి డిసెంబర్ 23 వరకు అక్కడి నుంచి దాదాపు 33,000 మంది భారత్‌కు చేరారని, వారందరి ఆచూకీ తీసి పరీక్షలు జరపాలని రాష్ట్రాలకు ఆదేశాలు అందాయి. డిసెంబర్ 29న కేంద్రం వెల్లడించిన ప్రకారం పాజిటివ్ వచ్చిన 114 మందిలో ఆరుగురికి కొత్త రకం ఉన్నట్లు తేలింది. ఆరింటిలో రెండు నమూనాలను గుర్తించింది హైదరాబాద్‌లోని సీసీఎంబీ. ఆ నెలలోనే ఏర్పడిన ఇన్సాకాగ్ ప్రయోగశాలల కూటమిలో సీసీఎంబీతో పాటు నగరంలోని సీడీఎఫ్‌డీ కూడా తొలి పది సంస్థల్లో ఒకటి.

పరీక్షల ఉద్దేశం మారడానికి ఇక్కడే అంకురార్పణ జరిగింది. అంతవరకు రోగిని రాకుండా ఆపడమే పరీక్ష లక్ష్యం. ఇకపై వచ్చిన వైరస్ ఏ రకమో తెలుసుకోవడం కూడా అందులో చేరింది. 2021 డిసెంబర్ 1 నుంచి, ఒమిక్రాన్ కారణంగా ముప్పు అధికంగా ఉన్నట్లు గుర్తించిన దేశాల ప్రయాణికులకు దిగగానే పరీక్ష జరిపి, ఫలితం వచ్చేవరకు విమానాశ్రయంలోనే ఉంచారు. నెగెటివ్ వచ్చినా ఏడు రోజులు ఇంటి క్వారంటైన్, ఎనిమిదవ రోజు మళ్లీ పరీక్ష తప్పలేదు. ఇతర దేశాల వారిలో 2 శాతం మందికి యాదృచ్ఛికంగా పరీక్షలు జరిపారు. 2022 ఫిబ్రవరి 14 నుంచి ముప్పు దేశాల వర్గీకరణ రద్దు కాగా, 82 దేశాల టీకా ధ్రువపత్రాలను ఆర్‌టీపీసీఆర్ నివేదికకు ప్రత్యామ్నాయంగా అంగీకరించారు. 2 శాతం పరీక్షలు మాత్రం కొనసాగాయి. ఎంపికైన ప్రయాణికుడు నమూనా ఇచ్చి ఇంటికి వెళ్లిపోవచ్చు. పాజిటివ్ వస్తే ఆ నమూనా జన్యు విశ్లేషణకు వెళ్తుంది.

విహారనౌకల పరిస్థితి

అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2020 మార్చి 14న విహారనౌకల ప్రయాణాలను నిలిపివేసింది. అక్టోబర్ 30న షరతులతో కూడిన అనుమతి విధానాన్ని ప్రకటించి, సిబ్బందికి, ప్రయాణికులకు పరీక్షలు నిర్దేశించింది. ఆ విధానం 2022 జనవరి 15తో ముగిసింది. అనంతరం నౌకా సంస్థలు స్వచ్ఛందంగా పాటించిన కార్యక్రమాన్ని కూడా అదే సంవత్సరం జూలై 18న నిలిపివేశారు.

మన దేశంలో 2022 జనవరి మొదటి వారంలో ముంబై నుంచి గోవా చేరిన ఒక విహారనౌకలో సుమారు 2,000 మందికి పరీక్షలు జరపగా 66 మందికి పాజిటివ్ వచ్చింది. నౌక తిరిగి ముంబైకి చేరింది. ఇది దేశంలోని రెండు రేవుల మధ్య ప్రయాణం గనుక అంతర్జాతీయ ప్రయాణికుల మార్గదర్శకాలు దీనికి వర్తించవు. వందల మంది ఒకే చోట భోజనం చేసి, ఒకే గాలి పీల్చే నౌకకు స్వదేశీ, విదేశీ అన్న భేదం లేకపోయినా, నిబంధనల్లో ఆ భేదం ఉంది. 2022 జూన్‌లో విశాఖపట్నం నుంచి ప్రారంభమైన విహారనౌక సర్వీసు కూడా స్వదేశీ ప్రయాణాల కోవలోనిదే.

ఉపసంహరణ

2022 నవంబర్ 22 నుంచి ఎయిర్ సువిధ నమోదు, ముందస్తు పరీక్ష రద్దయ్యాయి. చైనాలో వ్యాధి ఉద్ధృతం కావడంతో డిసెంబర్ 24 నుంచి 2 శాతం పరీక్షలను పునరుద్ధరించారు. 2023 జనవరి 1 నుంచి చైనా, హాంకాంగ్, జపాన్, దక్షిణ కొరియా, సింగపూర్, థాయిలాండ్ ప్రయాణికులకు ముందస్తు ఆర్‌టీపీసీఆర్‌ను మళ్లీ తప్పనిసరి చేసి, ఫిబ్రవరి 13న ఉపసంహరించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మే 5న అత్యవసర స్థితి ముగిసినట్లు ప్రకటించింది. 2 శాతం పరీక్షలు సైతం జూలై 20 నుంచి నిలిచిపోయాయి.

విశాఖపట్నంలో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైనది ఆ తరువాత, 2023 సెప్టెంబర్‌లో. అందువల్ల కోవిడ్ పరీక్షల నిబంధనలు ఆ టెర్మినల్‌లో ఏనాడూ అమలు కాలేదు. నౌకాధిపతి ఆరోగ్య ప్రకటన, రేవు ఆరోగ్యాధికారి అనుమతి, పచ్చజ్వరం ప్రబలిన దేశాల నుంచి వచ్చేవారికి టీకా ధ్రువపత్రం, అది లేనివారికి ఆరు రోజుల క్వారంటైన్ అన్న నిబంధనలు మాత్రం మహమ్మారికి ముందు మాదిరిగానే కొనసాగుతున్నాయి. 2024 జూన్ 1న ప్రపంచ ఆరోగ్య సభ ఆమోదించిన అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనల సవరణలు 2025 సెప్టెంబర్ 19 నుంచి అమలులోకి వచ్చాయి. మహమ్మారి స్థాయి అత్యవసర స్థితి అనే కొత్త వర్గీకరణను ఈ సవరణలు చేర్చాయి.