న్యూట్రాను బొంగరము

వెలుగోడు వీథిలో బాలుడు విడిచిన బొంగరము ఎటు తిరుగుచున్నదో చూచినంతనే చెప్పగలము. పరమాణు గర్భమందలి కణములకును అట్టి భ్రమణ మొకటి కలదు. దానినే శాస్త్రజ్ఞులు స్పిన్ అందురు. పోలిక ఇంతవరకే. బొంగరము కొంతసేపటికి పడిపోవును, కణము పడిపోదు. బొంగరము ఏ వంకకైనను ఒరగును. న్యూట్రాను మాత్రము అయస్కాంత క్షేత్రమున మీదికో క్రిందికో, రెండే నిలుకడలలో కానవచ్చును.

ఈ చర్చలో తెలుగువారి పాలు లేకపోలేదు. సూరి భగవంతము గారు, ఇరువది దాటిన ప్రాయముననే, 1931లో రామన్ గారితో కలిసి కాంతికణపు స్పిన్‌కు ప్రయోగ నిదర్శనమును ప్రకటించిరి. మరుసటి యేడు ఛాడ్విక్ న్యూట్రానును కనుగొనెను.

అంతట ఒక చిక్కు వచ్చినది. హైడ్రోజను మీదికి మందగతి న్యూట్రానులను వదలగా, లెక్క చెప్పిన దానికంటె అనేక రెట్లు ఎక్కువగా చెదరినవి. విగ్నర్ చూపిన దారి యిది: న్యూట్రాను, ప్రోటానుల స్పిన్‌లు ఒకే దిక్కున నున్నప్పుడు బలము ఒక తీరు, ఎదురెదురుగా నున్నప్పుడు వేరొక తీరు. చెదరుటలో అధిక భాగము ఎదురు జతలదే.

దీనిని సూటిగా చూడవలెనన్న న్యూట్రానులను వరుస నిలిపిన చాలదు. గురియైన ప్రోటానులను గూడ నిలుపవలెను. కష్టమంతయు ఇచ్చటనే. మైనస్ 272 డిగ్రీల చలిలో, 20,000 గౌసుల క్షేత్రమున నుంచినను, వేయి ప్రోటానులలో ఒక దిక్కువారి ఆధిక్యము రెండు మాత్రమే! విడి ఎలక్ట్రానులో, అదే చోట నూటికి ఎనుబదికి పైగా వరుస కట్టును. మన రేడియో అందుకొను తరంగములకంటె మిక్కిలి పొట్టివగు సూక్ష్మతరంగములతో ఎలక్ట్రానుల క్రమమును ప్రోటానులకు సంక్రమింపజేయుటయే ఉపాయము. ఓవర్‌హౌజర్ 1953లో లోహములకై ఇట్టి ఊహ చేసెను. అబ్రగామ్ బృందము 1962లో ఫ్రాన్సు నందలి సాక్లేలో అట్టి గురిని ప్రయోగమునకు దింపెను.

అందులకు వాడుకకు వచ్చిన లాంథనం మెగ్నీషియం నైట్రేటు స్ఫటికములో వరుస తీరినవి ఏవనుకొందురు? స్ఫటికమున దాగిన నీటిలోని ప్రోటానులే. సోవియట్ దేశపు దుబ్నాలో షాపిరో బృందము 1960లలో దీనినే జల్లెడగా వాడెను. ఎదురు స్పిన్ గల న్యూట్రానులు చెదరిపోవును, సమదిక్కువి దాటివచ్చును. ఇనుప సాధనములు మందగతి న్యూట్రానులకే చక్కగా పనిచేయగా, ఈ జల్లెడ వేగవంతములకును అక్కరకు వచ్చినది. మా దృష్టిలో ఈ చరిత్రలో ఇంతకంటె చక్కని పనితనము లేదు.

అదే దుబ్నాలో, 1980ల ఆరంభమున, అదే లాంథనం మరొక వింతను బయటపెట్టినది. 0.734 ఎలక్ట్రాను వోల్టుల శక్తి వద్ద, కుడివాటపు న్యూట్రానులను ఎడమవాటపు వానికంటె దాదాపు నూటికి పది తేడాతో అది గ్రహించినది. సామాన్యముగా ఇట్టి కుడియెడమల భేదము కోటికి ఒక పాలు. కాలము వెనుకకు నడచినచో ప్రకృతి నియమము మారునా యను ప్రశ్నను ఇచ్చటనే పరీక్షింపవచ్చునని పలువురు తలంచిరి. అందులకు లాంథనం కేంద్రకములను గూడ వరుస నిలుపవలెను. జపానులోను అమెరికాలోను లాంథనం అల్యూమినేటు స్ఫటికములతో ఇప్పుడు జరుగుచున్న ప్రయత్నము అదియే.