మిశ్రమ వస్త్రాల అద్దకం

మిశ్రమ వస్త్రాల అద్దకం అనగా ప్రత్తి, పాలిస్టర్, విస్కోస్ మొదలైన పోగులలో రెండు గాని అంతకంటె ఎక్కువ గాని కలిపి నేసిన బట్టకు యంత్రాల సాయంతో రంగు పట్టించే ప్రక్రియ. వాడుకలో టెరికాటన్ అని పిలువబడే బట్ట ఇందుకు చక్కని ఉదాహరణ. ఇందులో సాధారణంగా 65 లేక 67 పాళ్ళు పాలిస్టర్, మిగిలినది ప్రత్తి ఉంటుంది. ఖాదీ సంస్థలు పాలీవస్త్ర పేరుతో విక్రయించే బట్ట కూడా ఈ కోవకు చెందినదే. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతం ప్రత్తి పంటకు పేరు పొందినది కావున, అక్కడి ప్రత్తి, నీరు, నేలలను దృష్టిలో ఉంచుకొని ఈ ప్రక్రియ ఇందు వివరింపబడినది.

చరిత్ర

నేటి నంద్యాల జిల్లా (2022 ఏప్రిల్ 4న ఏర్పడినది) అంతకు ముందు కర్నూలు జిల్లాలో భాగం. మద్రాసు ప్రెసిడెన్సీ కాలంలో కర్నూలు, కడప జిల్లాలలో నీలిమందు మొక్కను విస్తారంగా సాగు చేసేవారు. 1856లో ఇంగ్లండుకు చెందిన విలియం హెన్రీ పెర్కిన్ తొలి కృత్రిమ రంగును కనుగొన్నాడు. 1897లో జర్మనీకి చెందిన బి.ఎ.ఎస్.ఎఫ్. సంస్థ కృత్రిమ నీలిని విపణిలోకి తెచ్చిన తరువాత నీలిమందు సాగు క్రమంగా క్షీణించింది.

పాలిస్టర్ పోగును 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ అను శాస్త్రజ్ఞులు రూపొందించారు. ప్రత్తికి గట్టిగా అంటుకొనే రియాక్టివ్ రంగులు 1956లో ఐ.సి.ఐ. సంస్థ ద్వారా మార్కెట్టుకు వచ్చాయి. ఈ రెండింటి రాకతో మిశ్రమ వస్త్రాల అద్దకం ఒక ప్రత్యేక శాఖగా ఎదిగింది.

రెండు పోగులు, రెండు స్వభావాలు

ప్రత్తి నీటిని ఇష్టంగా పీల్చుకొంటుంది. నీటిలో కరిగే రియాక్టివ్, డైరెక్ట్ రంగులు, క్షారంలో కరిగించి వాడే వ్యాట్ రంగులు దానికి పడతాయి. పాలిస్టర్ నీటిని దాదాపు పీల్చుకోదు. దీని పోగులోని అణువులు దగ్గర దగ్గరగా బిగిసి ఉండుటచే మామూలు రంగు లోపలికి పోదు. నీటిలో కరగక సన్నని రేణువులుగా చెదిరి ఉండే డిస్పర్స్ రంగులను మాత్రమే అది స్వీకరిస్తుంది. అది కూడా వేడి 130 డిగ్రీల సెంటీగ్రేడుకు చేరి పోగు సడలినపుడే చక్కగా జరుగుతుంది. అందుచేత ఒకే బట్టకు రెండు జాతుల రంగులు, రెండు రకాల పరిస్థితులు కావలసి వస్తాయి. రెండు పోగులకూ ఒకే ఛాయ వచ్చునట్లు అద్దవచ్చును, రెండింటికీ వేరు వేరు రంగులు ఇవ్వవచ్చును, లేదా ఒక దానిని తెల్లగా విడిచిపెట్టవచ్చును.

ముందస్తు తయారీ

మగ్గం నుండి వచ్చిన బట్టను ముడిబట్ట అంటారు. పడుగుకు పెట్టిన గంజి, ప్రత్తిలోని సహజమైన మైనం, నూనె జిడ్డు పోనిదే రంగు సమంగా పట్టదు. కావున మొదట గంజి తొలగించి, తరువాత కాస్టిక్ సోడాతో ఉడికించి, హైడ్రోజన్ పెరాక్సైడుతో చలువ చేస్తారు. ఆ పైన స్టెంటర్ అను యంత్రంలో సుమారు 180 నుండి 200 డిగ్రీల వేడిగాలిలో బట్టను వెడల్పుగా సాగదీసి నిలుపుతారు. దీనివలన పాలిస్టర్ పోగు స్థిరపడి, తరువాత ముడుతలు పడదు, కుంచించుకుపోదు.

యంత్రాలు

జిగ్గర్: రెండు రోలర్ల మధ్య బట్ట అటూ ఇటూ చుట్టుకొంటూ అడుగున ఉన్న రంగు తొట్టి గుండా పోతుంది. నీరు తక్కువ పడుతుంది. చిన్న కర్మాగారాలలో సైతం విరివిగా కనిపిస్తుంది.

వించ్: బట్టను తాడువలె చేసి రంగునీటిలో తిప్పుతారు. బట్ట బరువుకు సుమారు 20 రెట్లు నీరు కావాలి.

జెట్ యంత్రం: మూతవేసిన పాత్రలో రంగునీటి ధార బట్టను త్రిప్పుతుంది. నీరు మామూలుగా 100 డిగ్రీల వద్ద మరుగుతుంది కావున 130 డిగ్రీలకు తేవాలంటే వంటింటి ప్రెషర్ కుక్కరులో వలె పీడనం పెంచాలి. ఆ వేడి వద్ద ఆవిరి పీడనం వాతావరణ పీడనానికి సుమారు 2.7 రెట్లు ఉంటుంది. అందుచేత చల్లారక ముందే మూత తెరుచుట ప్రాణాపాయం.

ప్యాడింగ్ మ్యాంగిల్: బట్టను రంగులో ముంచి రోలర్ల మధ్య పిండుతుంది. వేల మీటర్ల బట్టను ఒకే రంగులో అద్దవలసినపుడు దీనిని ఎండబెట్టు గదులు, ఆవిరి గదులతో వరుసగా కలుపుతారు. థర్మోసాల్ పద్ధతిలో బట్టను 200 నుండి 220 డిగ్రీల వేడిలో ఒక నిమిషం వరకు ఉంచితే డిస్పర్స్ రంగు పాలిస్టర్ లోనికి ఇంకుతుంది.

అద్దే క్రమం

జెట్ యంత్రంలో జరిగే రెండు తొట్ల పద్ధతి నమ్మకమైనది. మొదట ఎసిటిక్ ఆమ్లంతో నీటి పి.హెచ్. 4.5 నుండి 5.5 మధ్య ఉంచి, డిస్పర్స్ రంగు కలుపుతారు. 80 డిగ్రీలు దాటిన తరువాత నిమిషానికి ఒకటి రెండు డిగ్రీల చొప్పున మాత్రమే వేడి పెంచుతారు. తొందరపడితే రంగు మచ్చలుగా దిగుతుంది. 130 డిగ్రీల వద్ద 30 నుండి 60 నిమిషాలు ఉంచి, మెల్లగా చల్లార్చుతారు.

అప్పటికి కొంత డిస్పర్స్ రంగు ప్రత్తిపై కూడా మరకగా అంటి ఉంటుంది. దానిని విడిచిపెడితే ఉతికినపుడు ఇతర బట్టలకు రంగు అంటుతుంది. కావున కాస్టిక్ సోడా, సోడియం హైడ్రోసల్ఫైటు కలిపిన నీటిలో 70 నుండి 80 డిగ్రీల వద్ద శుభ్రపరుస్తారు. ఆ తరువాతనే ప్రత్తికి రియాక్టివ్ రంగు వేయాలి. ఈ క్రమం తలక్రిందులైతే హైడ్రోసల్ఫైటు ప్రత్తి మీది రంగును కూడా విరిచివేస్తుంది. పాలిస్టర్‌కు ముందు, ప్రత్తికి వెనుక అను నియమానికి కారణం ఇదే.

రియాక్టివ్ రంగు 60 నుండి 80 డిగ్రీల వద్ద జరుగుతుంది. ఉప్పు రంగును నీటి నుండి ప్రత్తి వైపు నెట్టుతుంది. సోడా యాష్ రంగును పోగుతో రసాయనికంగా బంధిస్తుంది. చివర సబ్బునీటిలో ఉడికించి, బంధింపబడని రంగును కడిగివేస్తారు.

ఒక లెక్క

65 పాళ్ళు పాలిస్టర్, 35 పాళ్ళు ప్రత్తి గల 100 కిలోల బట్టకు 2 శాతం రంగు వేయాలని అనుకొందాము. పాలిస్టర్ 65 కిలోలకు డిస్పర్స్ రంగు 1.3 కిలోలు, ప్రత్తి 35 కిలోలకు రియాక్టివ్ రంగు 0.7 కిలోలు పడుతుంది. బట్టకు 8 రెట్లు నీరు తీసుకొంటే ఒక్కొక్క తొట్టికి 800 లీటర్లు. ప్రత్తి తొట్టిలో లీటరుకు 50 గ్రాముల ఉప్పు వేస్తే మొత్తం 40 కిలోలు. ఆ ఉప్పు బట్టలో నిలువదు, అంతా మురుగునీటిలో కలుస్తుంది. ఏడు వందల గ్రాముల రంగు కొరకు నలభై కిలోల ఉప్పును నేలకో నదికో వదలవలసి వచ్చుట ఈ పరిశ్రమలోని అసలు సమస్య.

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతం

నంద్యాల చుట్టుప్రక్కల నల్లరేగడి నేలలలో పండిన దేశవాళీ ప్రత్తి బ్రిటిషు కాలంలో నార్తరన్స్ అను వ్యాపార నామంతో ప్రసిద్ధి పొందింది. నంద్యాల వ్యవసాయ పరిశోధనా స్థానం 1906లో స్థాపింపబడినది. ఇది ఆచార్య ఎన్.జి.రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం పరిధిలోనిది. నరసింహ అను ప్రత్తి వంగడం ఇక్కడ రూపొందినదే. నంద్యాలలో సహకార రంగంలో నూలు మిల్లు కూడా స్థాపించారు. అయితే నూలు వడుకుట వేరు, బట్ట అద్దుట వేరు. అద్దకపు కర్మాగారానికి ప్రత్తి దగ్గరగా ఉంటే చాలదు, సమృద్ధిగా మెత్తని నీరు, ఆవిరి, మురుగునీటిని శుద్ధిచేసే ఏర్పాటు కావాలి.

ఈ ప్రాంతపు భూగర్భంలో సున్నపురాయి విస్తారంగా ఉన్నది. భూగర్భ శాస్త్రంలో కోయిలకుంట్ల సున్నపురాయి, నంద్యాల షేల్ అను శిలాపొరలకు ఇక్కడి ఊళ్ళ పేర్లే పెట్టారు. సున్నపురాతి గుండా వచ్చే నీరు సహజంగా కఠినజలం. అందలి కాల్షియం, మెగ్నీషియం లవణాలు సబ్బును విరుస్తాయి, రంగును ముద్దకట్టిస్తాయి, బాయిలరు గొట్టాలలో గారపట్టిస్తాయి. కావున బోరు నీటిని మెత్తపరచకుండా అద్దకానికి వాడరాదు.

నంద్యాల మీదుగా పారే కుందూ నది పెన్నకు ఉపనది. కర్నూలు-కడప కాలువ ఈ ప్రాంతపు పొలాలకు ప్రాణాధారం. ఇటువంటి నీటిలో ఉప్పు, రంగు కలిస్తే నష్టపోయేది ఆ ప్రత్తిని పండించిన రైతే.

కాలుష్యం, నివారణ

తమిళనాడులోని తిరుప్పూరులో అద్దకపు కర్మాగారాల మురుగునీటి వలన నొయ్యల్ నది చెడిపోగా, 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు వాటిని మూసివేయవలసినదిగా ఆదేశించింది. నీటి బొట్టు బయటికి పోకుండా తిరిగి వాడుకొనే విధానం అక్కడ తప్పనిసరి. మన రాష్ట్రంలో చిత్తూరు జిల్లా నగరి వద్ద కుశస్థలి నది విషయంలో ఇటువంటి ఫిర్యాదులే వచ్చాయి.

రంగును, సేంద్రియ మలినాలను సూక్ష్మజీవుల ద్వారా కొంతవరకు తొలగించవచ్చును గాని ఉప్పును తొలగించలేము. దానికి రివర్స్ ఆస్మాసిస్ పొరలు, ఆవిరి యంత్రాలు అవసరం. వీటి ఖర్చు చిన్న కర్మాగారం భరించలేదు కావున పలువురు కలిసి ఉమ్మడి శుద్ధి కేంద్రం నెలకొల్పుట మేలు. తక్కువ నీటితో పనిచేసే జెట్ యంత్రాలు, తక్కువ ఉప్పు కోరే రంగులు కూడా భారాన్ని తగ్గిస్తాయి. క్యాన్సరు కారకాలుగా మారగల 112 అజో రంగులను భారత ప్రభుత్వం నిషేధించింది.

కార్మికుల భద్రత

సోడియం హైడ్రోసల్ఫైటుకు తడి తగిలితే దానంతటదే వేడెక్కి మంట రేగవచ్చును, కావున డబ్బాలోనికి తడి గరిట పెట్టరాదు. రియాక్టివ్ రంగుల పొడి పీల్చినచో కొందరికి ఉబ్బసం కలుగుతుంది. మురుగునీటి తొట్లలో హైడ్రోజన్ సల్ఫైడు వంటి విషవాయువులు చేరి ఉంటాయి. తగిన పరీక్ష, గాలి ఏర్పాటు లేకుండా ఎవరినీ లోనికి దింపరాదు. స్పృహ తప్పినవానిని రక్షించబోయి వెనుకనే దిగినవారు మరణించుట ఇటువంటి ప్రమాదాలలో తరచుగా జరుగుతుంది.

కొనుగోలుదారులకు

బట్ట అంచు నుండి ఒక పోగు తీసి జాగ్రత్తగా కాల్చి చూస్తే రకం తెలుస్తుంది. ప్రత్తి కాగితం వలె కాలి మెత్తని బూడిద అవుతుంది, పాలిస్టర్ కరిగి గట్టి పూసగా మారుతుంది. మిశ్రమంలో రెండు లక్షణాలూ కనిపిస్తాయి. తడిపిన తెల్లగుడ్డతో రుద్దినపుడు రంగు అంటితే కడుగుట సరిగా జరుగలేదని గ్రహించాలి. రెండు పోగుల మీది రంగులు వేరు కావున దుకాణంలోని ట్యూబ్‌లైటు క్రింద ఒక ఛాయ, ఎండలో మరొక ఛాయ కనబడవచ్చును. జత కొనేటపుడు పగటి వెలుగులో సరిచూచుకొనుట మంచిది.