ఆసియా మాట అలా ఉంచండి

మా కాలనీ ఫేజు మొదట్లో ఆర్చీ కడదామని సంక్షేమ సంఘం వాళ్లు చందాలు పోగు చేశారు. డబ్బు సమకూరింది గానీ, దాని మీద ఏం రాయాలన్న దగ్గర పేచీ పడింది. ‘ఆసియాలోనే అతి పెద్ద హౌసింగ్ కాలనీకి స్వాగతం’ అని రాయాల్సిందేనని ఒక వర్గం పట్టు. రుజువేదని అడిగేవాళ్లం ఇంకో వర్గం. మమ్మల్ని కాలనీ ద్రోహులన్నట్టు చూస్తున్నారు.

ఈ ‘ఆసియా’ మాట మా కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ (కేపీహెచ్‌బీ) గురించి రాసిన ప్రతివాళ్లూ రాశారు. బిల్డర్ల బ్రోచర్లలో ఉంటుంది, పేపర్ల సిటీ పేజీల్లో ఉంటుంది, గణపతి ఉత్సవాల సావనీర్లలోనూ ఉంటుంది. ఒకరు రాసింది చూసి ఇంకొకరు రాయడమే తప్ప, దేంట్లో పెద్దదో చెప్పినవాళ్లు లేరు. విస్తీర్ణంలోనా, ఇళ్ల సంఖ్యలోనా, జనాభాలోనా? సావనీర్లో వ్యాసం రాసిన ఒక పెద్దాయన్ని నేను ఇదే అడిగితే ‘అందరికీ తెలిసిందే కదండీ’ అన్నారు. చరిత్ర రాసేవాడు అనకూడని మాట అది.

జైపూర్ వెళ్లండి. అక్కడ రాజస్థాన్ హౌసింగ్ బోర్డు కట్టిన మానసరోవర్ కాలనీ వాళ్లు ఆసియాలో పెద్దది మాదేనంటారు. ఢిల్లీలో రోహిణి వాళ్లకూ ఆసియా ర్యాంకు ఒకటుంది. అంత దూరం ఎందుకు, మనకు పక్కనే సంగారెడ్డి జిల్లా కొల్లూరులో 2023 జూన్‌లో ప్రారంభించిన డబుల్ బెడ్రూం ఇళ్లను కూడా ఆసియాలోనే పెద్దవన్నారు. ఎంతైనా 15,660 ఇళ్లని వాళ్ల దగ్గర ఒక లెక్కుంది. ఇక సింగపూర్ సంగతి ఎత్తితే మనవాళ్ల నోట మాట రాదు. అక్కడి హౌసింగ్ బోర్డు, మన హౌసింగ్ బోర్డు 1960లోనే పుట్టాయి. వాళ్లు కట్టిన టాంపినెస్ అనే ఒక్క పట్టణంలోనే రెండు లక్షలకు పైగా జనం ఉన్నారు. ఆసియాలో సింగపూర్ కూడా ఉందని మన ఆర్చీ కమిటీ మరిచిపోయినట్టుంది.

కనుక ఆ మాట నిలవదు. నిలవకపోయినా మనకు పోయేదేమీ లేదన్నది నా వాదన. ఈ కాలనీకి అంతకంటే పెద్ద గొప్ప ఒకటుంది. దాన్ని ఎవరూ రాయలేదు.

ఆ గొప్ప తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. 1908లో మూసీ వరద హైదరాబాద్‌ను ముంచెత్తింది. ఆ తర్వాత ప్లేగు. ఇరుకు బస్తీలను తీసేసి గాలీ వెలుతురూ ఉన్న ఇళ్లు కట్టడానికి 1912లో నిజాం సర్కారు సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టింది. నాంపల్లి బస్తీలను ఎత్తివేసినప్పుడు ఆ జనానికి మల్లేపల్లి వైపు ఇళ్లు కట్టింది ఆ బోర్డే. అదీ, సికింద్రాబాద్‌లోని టౌన్ ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టూ కలిసి ఆంధ్రప్రదేశ్ హౌసింగ్ బోర్డు అయ్యాయి. విజయనగర్ కాలనీ, ఎస్సార్ నగర్, మౌలాలి హౌసింగ్ బోర్డు ఆ వరసలో వచ్చినవే. మన కాలనీ 1980ల తొలినాళ్లలో మొదలైంది. అంటే ఇది రియల్ ఎస్టేట్ వెంచరుగా పుట్టింది కాదు, డెబ్బై ఏళ్ల ప్రభుత్వ అలవాటుకు కొనసాగింపు. బ్రోచర్ల రచయితలు ఈ ముక్క వదిలేయడంలో ఆశ్చర్యం లేదు. వాళ్లకు చరిత్ర హైటెక్ సిటీతోనే మొదలవుతుంది.

వాళ్లతో నాకున్న రెండో పేచీ అదే. హైటెక్ సిటీ వచ్చాకే కేపీహెచ్‌బీకి కళ వచ్చిందని రాస్తారు. హైటెక్ సిటీలో తొలి భవనమైన సైబర్ టవర్స్ ప్రారంభమైంది 1998 నవంబర్‌లో. అప్పటికి మా కాలనీలో పుట్టిన పిల్లలు టెన్త్ రాస్తున్నారు. ఇక్కడికి మొదట వచ్చినవాళ్లు ఫ్యాక్టరీల వాళ్లు. పొద్దున షిఫ్టు బస్సులు హైవే మీద వరసగా ఆగేవి. ఒకటి రామచంద్రాపురం భెల్‌కు, ఒకటి బాలానగర్ ఐడీపీఎల్‌కు, ఒకటి సనత్‌నగర్ ఆల్విన్‌కు. ఐడీఎల్ వాళ్లు సైకిలు మీదే పోయేవారు. వీళ్లు కాక టీచర్లు, బ్యాంకు గుమాస్తాలు, ఆర్టీసీ కండక్టర్లు. జేఎన్‌టీయూ ఎదురుగా సాయంత్రమైతే నక్కలు అరిచేవని చెప్పే పెద్దలు ఇంకా ఉన్నారు. ఊరికి అంత దూరంలో ఇల్లు తీసుకున్నందుకు వాళ్లను చుట్టాలు ఎగతాళి చేశారు.

మరి ఎందుకు తీసుకున్నారు? నెల జీతంతో ఇల్లు వచ్చేది ఇక్కడే కాబట్టి. అప్పటి పద్ధతి ఇదీ: బోర్డు దరఖాస్తులు పిలుస్తుంది. ఆదాయాన్ని బట్టి కింది నుంచి పైకి ఈడబ్ల్యూఎస్, ఎల్ఐజీ, ఎంఐజీ, హెచ్ఐజీ అని నాలుగు తరగతులు. అలాట్‌మెంట్ వస్తే మొదట కొంత సొమ్ము కట్టి ఇంట్లో దిగిపోవడం, మిగతాది ఏళ్ల తరబడి నెలసరి వాయిదాల్లో తీర్చడం. దాన్నే హైర్ పర్చేజ్ అన్నారు. ఆఖరి వాయిదా తీరేదాకా ఇల్లు బోర్డుదే, తీరిన రోజున సేల్ డీడ్ చేతికొస్తుంది. బోర్డుకు వెనక నుంచి అప్పిచ్చిన హడ్కో 1970లో వచ్చిన కేంద్ర ప్రభుత్వ సంస్థ. గృహ రుణాల్లో సగానికి పైగా ఈడబ్ల్యూఎస్, ఎల్ఐజీలకే వెళ్లాలన్నది అప్పట్లో దాని నియమం. ఆదాయం తక్కువైన కొద్దీ వడ్డీ కూడా తక్కువ. అందుకే ఈ కాలనీలో హెచ్ఐజీ వీధి దాటగానే ఎల్ఐజీ వీధి వస్తుంది. ఇంజినీరూ ఆయన కింద పనిచేసే ఫిట్టరూ ఒకే రోడ్డులో పాల ప్యాకెట్ కోసం నిలబడ్డారు. హైదరాబాద్‌లో ఇలాంటి వీధులు ఇంకెన్ని ఉన్నాయో చూపించమనండి.

ఎల్ఐజీ ఇంటి దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. ఇది నా అభిమాన విషయం. పాత ఇంటి గుమ్మం పైన నల్ల రంగుతో అచ్చు అక్షరాలు కొట్టి ఉండేవి: ఎల్ఐజీ, ఒక గీత, నంబరు. ఇవాళ్టికీ ఇక్కడి చిరునామాల్లో ఇంటి నంబరుకు ముందు ఆ మూడక్షరాలే ఉంటాయి. కొందరు ఆ అక్షరాలు నామోషీ అని పీకించి ఇంటికి దేవుడి పేరు పెట్టుకున్నారు. మా వీధిలో ఒకాయన మాత్రం నాలుగంతస్తులు లేపి, గ్రానైట్ పలక వేయించి, దాని మీద బంగారు రంగులో మళ్లీ ఎల్ఐజీ నంబరే చెక్కించుకున్నాడు. ఈ కాలనీ శాసనం ఏదని నన్నడిగితే ఆ పలకనే చూపిస్తాను.

బోర్డు ఇచ్చింది ముందొక గది, వెనకొక గది, వంటిల్లు, దొడ్లో బాత్రూం. గోడలు సన్నం, స్లాబు మాత్రం గట్టిది. వాయిదాలు సగం తీరేసరికి పక్క సందులోంచి పైకి మెట్లు పడ్డాయి. మనిషి పక్కకు తిరిగి ఎక్కాల్సినంత ఇరుకు మెట్లవి. పైన రేకుల గది, తర్వాత స్లాబు, ఆపైన ఇంకో పోర్షను. గేటు పక్క గోడకు కరెంటు మీటర్లు వరసగా పెరుగుతూ పోయాయి. ఎన్ని మీటర్లుంటే అన్ని కాపురాలని లెక్క. 1990లలో ఆల్విన్, ఐడీపీఎల్ చితికిపోయి జీతాలు ఆగినప్పుడు ఈ కుటుంబాలు రోడ్డున పడకపోవడానికి కారణం ఆ పై పోర్షన్ల అద్దె. సరిగ్గా ఆ సమయానికే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వెతుక్కుంటూ గుంటూరు, విజయవాడ, రాజమండ్రి, కరీంనగర్ పిల్లలు బస్సులు దిగారు. వాళ్లకు మాదాపూర్‌లో గది దొరకలేదు, దొరికినా కట్టుకోలేరు. మా ఎల్ఐజీ మేడల మీద నలుగురు కలిసి ఒక గదిలో ఉన్నారు, కింద కర్రీ పాయింట్‌లో కూర కొనుక్కుని తిన్నారు. హైటెక్ సిటీ మాకు కళ తెచ్చిందని రాసేవాళ్లు ఈ లెక్క తిరగేసి చదవాలి. హైటెక్ సిటీకి చవక వసతి ఇచ్చి నిలబెట్టింది మేం.

ఆ అంతస్తులన్నిటికీ అనుమతులున్నాయని నేననను. చాలావాటికి లేవు. 2007 ఆఖర్లో వచ్చిన బీపీఎస్ కింద జరిమానా కట్టి కొందరు క్రమబద్ధం చేయించుకున్నారు, కొందరు ఊరుకున్నారు. పట్టణ ప్రణాళిక నిపుణులకు ఇది అస్తవ్యస్తంగా కనబడుతుంది. ప్రభుత్వం కట్టడం మానేసిన చవక ఇళ్లను ఈ గృహస్థులు తమ సొంత డబ్బుతో తమ నెత్తిన కట్టారన్నది మాత్రం వాళ్లకు కనబడదు.

ఇప్పుడు అసలు బాధకు వస్తాను. 2017 నవంబర్‌లో మెట్రో వచ్చింది. అంతకు ముందే మాల్స్ వచ్చాయి. హైటెక్ సిటీ దారి పొడవునా ఆకాశమంత టవర్లు లేచాయి. 2025 జూలైలో హౌసింగ్ బోర్డు నాలుగో ఫేజులోని ఏడెకరాల పైచిలుకు భూమిని వేలం వేస్తే ఎకరం 70 కోట్లు పలికింది. పేపర్లు రికార్డు ధర అని సంబరపడ్డాయి. గజాల్లోకి మార్చి చూడండి: గజం సుమారు లక్షా నలభై నాలుగు వేలు. ఎంత ఎత్తు కట్టి ఒక్కో ఫ్లాటుకు వాటా భూమిని ఇరవై గజాలకు కుదించినా, నేల ఖర్చే దాదాపు 29 లక్షలు. ఆపైన కట్టుబడి, వడ్డీ, బిల్డరు లాభం. జీఎస్టీ ఒక్క శాతమే పడే ‘అందుబాటు ఇల్లు’ అంటే హైదరాబాద్ లాంటి మెట్రో నగరాల్లో 60 చదరపు మీటర్ల కార్పెట్ ఏరియా, 45 లక్షల ధర మించకూడదని కేంద్రం 2019లో నిర్ణయించింది. ఆ భూమిలో అలాంటి ఇల్లు ఒక్కటైనా వస్తుందా?

అమ్మింది ఎవరో బిల్డరైతే నేనీ వ్యాసం రాయను. ఫిట్టర్లకూ కండక్టర్లకూ వాయిదాల మీద ఇళ్లిచ్చిన బోర్డు వారసత్వపు భూమి అది.

ఈ పరిస్థితిలో ఇక్కడ ఇల్లు వెతుక్కునే కొత్త జంటలు నన్ను సలహా అడుగుతుంటారు. బీరంగూడకో బాచుపల్లికో పొమ్మని చెప్పడం తేలిక, నేను చెప్పను. టవర్ల వైపు చూడకుండా అడ్డగుట్ట, భాగ్యనగర్ కాలనీ, వసంత్‌నగర్ లోపలి వీధుల్లో తిరగమంటాను. లిఫ్టు లేదనో, కారు పెట్టే చోటు లేదనో ఎవరూ అడగని పాత అపార్టుమెంట్లలో మూడో అంతస్తు ఫ్లాట్లు చూడమంటాను. కొత్తవాటికంటే వాటిలో భూమి వాటా ఎక్కువ, మెయింటెనెన్సు తక్కువ. ఎల్ఐజీ ఇల్లే కొనేటట్టయితే కాగితాల దగ్గర మొహమాటం పనికిరాదు. అలాట్‌మెంట్ లెటర్ నుంచి బోర్డు ఇచ్చిన సేల్ డీడ్ దాకా గొలుసు తెగకుండా ఉండాలి. వాయిదాలు తీరకముందే జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) మీద చేతులు మారిన ఇళ్లు ఉన్నాయి. జీపీఏతో యాజమాన్య హక్కు రాదని 2011లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. పై అంతస్తులకు బీపీఎస్ ప్రొసీడింగ్స్ ఉన్నాయా అని అడగండి. 2015 నాటి బీఆర్ఎస్ (భవనాల క్రమబద్ధీకరణ పథకం) దరఖాస్తు రసీదు చూపించి అదే అనుమతి అంటే నమ్మకండి.

ఇదంతా చదివి, వ్యాసకర్తకు కాలనీ అంటే గిట్టదనుకునేవాళ్లు ఉంటారు. మా నాన్న బాలానగర్ ఫ్యాక్టరీ జీతంతో వాయిదాలు కట్టిన ఎల్ఐజీలో పెరిగినవాణ్ని. ఆయన చేతికి సేల్ డీడ్ వచ్చిన రోజున దాన్ని బీరువాలో నగల పెట్టె కింద పెట్టారు. పరిమాణంలో ఆసియాలో మనది ఎన్నోదైనా నాకు పట్టదు. రెండు గదుల మనిషికి దస్తావేజు దొరికిన కాలనీ ఇది. అది రాయడానికి సిగ్గుపడి, లేని ఆసియా కిరీటం పెట్టుకోవడం నాకు నచ్చదు.

బోర్డు చేతిలో ఇంకా తునకలు తునకలుగా స్థలాలు మిగిలాయి. 2025 జనవరిలో చిన్న ప్లాట్లను వేలానికి పెడితే స్థానికులు అభ్యంతరం చెప్పారు. ఆ అభ్యంతరాల్లో ఎక్కువ భాగం పార్కింగ్ కోసం, గుడి కోసం, రోడ్డు వెడల్పు కోసం. ఇళ్ల కోసం అడిగినవాళ్లు నాకు కనబడలేదు, అది మన తప్పే. సంక్షేమ సంఘాలు ఈసారి అర్జీ పెట్టేటప్పుడు ఒక్క కోరిక చాలు: మిగిలిన భూమిలో సగం ఎల్ఐజీ, ఈడబ్ల్యూఎస్ ఇళ్లకు, హైర్ పర్చేజ్ పద్ధతిలో. మన తండ్రులకు పనికొచ్చిన పద్ధతి ఇవాళ మన వీధి ఊడ్చే అమ్మాయికీ, డెలివరీ బండి నడిపే అబ్బాయికీ పనికిరాదని ఎవరైనా అంటే, లెక్కలు తెచ్చి చూపించమనండి. ఆసియా మాటలా ఇదీ లెక్క లేకుండా నమ్మడానికి నేను సిద్ధంగా లేను.