టీ దోమ

తేయాకు, జీడిమామిడి, కోకో తోటలను పీడించే రసం పీల్చే పురుగు. నల్లుల వర్గంలో మిరిడే కుటుంబానికి, హెలోపెల్టిస్ ప్రజాతికి చెందింది. ఈ కుటుంబంలో 11,000కు పైగా జాతులున్నాయి. అన్నీ పైరుకు చేటు చేసేవి కావు. వరిలో సుడిదోమ గుడ్లను తినేసే ఆకుపచ్చ మిరిడ్ నల్లి రైతుకు చేసే మేలు చిన్నది కాదు.

టీ దోమ వీపు మీద గుండుసూది లాంటి ముల్లు నిక్కి ఉంటుంది. లేత కొమ్మల్లో, పూగుత్తుల్లో, పిందెల్లో తొండం గుచ్చి రసం పీలుస్తుంది. పీల్చేది కొంచెమే. అసలు నష్టం దాని లాలాజలంతోనే. అది సోకిన చోట కణజాలం చచ్చి నల్లమచ్చ పడుతుంది, జీడిలో పూత మాడి పిందె రాలిపోతుంది. గుడ్లు లేత కొమ్మల లోపలే పెడుతుంది కాబట్టి పైన కొట్టిన మందు వాటికి సరిగా తగలదు.

అస్సాం అడవుల్లో తేయాకు సహజంగా పెరిగేది. 19వ శతాబ్దంలో అక్కడ తోటలు విస్తరించాక, 1873లో ఎస్.ఇ. పీల్ అనే తేయాకు సాగుదారు ఈ పురుగు బెడద గురించి రాశాడు. దానికి 1886లో వాటర్‌హౌస్ హెలోపెల్టిస్ థీవోరా అని పేరు పెట్టాడు. దక్షిణాదిన జీడికి పట్టేది ప్రధానంగా హెలోపెల్టిస్ ఆంటోనీ. దీన్ని సిగ్నోరె 1858లోనే వర్ణించాడు. జీడిమామిడిని బ్రెజిల్ నుంచి పోర్చుగీసువారు 16వ శతాబ్దంలో తెచ్చారు. పురుగు మాత్రం ఆ చెట్టు వెంట రాలేదు, ఈ ప్రాంతానిదే. ఎకరాలకెకరాలు ఒక్కసారిగా చిగురించే తోటలు దానికి కరువులేని మేత అయ్యాయి. పశ్చిమ ఆఫ్రికాలోనూ ఇంతే: అమెరికా నుంచి వెళ్లిన కోకోను అక్కడి అడవి చెట్ల మీది మిరిడ్ నల్లులే పట్టుకున్నాయి.

వేప కూడా టీ దోమకు ఆశ్రయమే. 2021లో తెలంగాణలో వేపచెట్లు కొమ్మల చివర్ల నుంచి ఎండిపోయినప్పుడు ఫోమోప్సిస్ శిలీంధ్రంతో పాటు టీ దోమనూ శాస్త్రవేత్తలు కారణంగా చూపారు.

జావా కోకో తోటల్లో 20వ శతాబ్దపు తొలినాళ్లలోనే నల్లచీమలను పెంచి దీన్ని అదుపు చేశారు. జీడి తోటల్లో ఆకులు కుట్టి గూడు కట్టే ఎర్రచీమలూ ఈ పని చేస్తాయి. కుడతాయని ఆ గూళ్లు తీసేయకండి. చిగురు, పూత, పిందె దశల్లో తోటంతా తిరిగి చూసి, పురుగు కనిపిస్తేనే మందు కొట్టండి.