విధేయతకు ముడిపెట్టిన భూమి

రంప తిరుగుబాటు పాఠం వచ్చినప్పుడల్లా మా హాస్టల్ పిల్లలు ఒక ప్రశ్న అడుగుతారు: "సర్కారు పక్షాన ఉన్న ముఠాదార్లు ద్రోహులేనా మేడం?" దీనికి జవాబు చెప్పాలంటే అప్పటి మన్యంలో భూమి ఎవరి చేతిలో ఉందో ముందు తెలియాలి.

గోదావరి మన్యంలో కొన్ని ఊళ్లు కలిస్తే ఒక ముఠా. దానికి పెద్ద ముఠాదారు. వారందరి పైన రంప మన్సబుదారు. 1848లో ఆంగ్లేయులు కుదిర్చిన ఒప్పందం ప్రకారం ముఠాదార్లు ఆయనకు ఏటా 8,750 రూపాయలు కట్టాలి. తెల్లదొరల అండ ఉందన్న ధీమాతో మన్సబుదారు పన్నులు పెంచాడు, కొందరి ముఠాలు లాక్కున్నాడు. ఆ తర్వాత ఆబ్కారీ చట్టం వచ్చింది. ఇంటి అవసరానికి కల్లు గీసుకోవడం కూడా నేరమైంది. దానికి తోడు చిగురుపన్ను. పల్లపు ప్రాంతపు వ్యాపారులు అప్పుల పేరుతో కోర్టుల్లో ఏకపక్షంగా డిక్రీలు తెచ్చుకుని గిరిజనుల పశువులను తోలుకుపోయారు.

1879 మార్చిలో చోడవరం ప్రాంతంలో తిరుగుబాటు మొదలైంది. ద్వారబంధాల చంద్రయ్య, తమ్మన్న దొర వంటివారు ముందు నిలిచారు. మంట రేకపల్లికీ పాకింది. 2014 వరకు మన ఖమ్మం జిల్లాలో ఉన్న ప్రాంతమే అది. 1874లో దాన్ని సెంట్రల్ ప్రావిన్సెస్ నుంచి మద్రాసుకు మార్చారు. అంతకుముందు పోడు చేసేవారు గొడ్డలికి నాలుగణాల చొప్పున పన్ను కట్టేవారు. మద్రాసు సర్కారు దాన్ని దాదాపు మూడింతలు చేసింది, కొన్నిచోట్ల పోడునే ఆపేసింది. అక్కడ అంబుల్ రెడ్డి నాయకత్వం వహించాడు.

తిరుగుబాటును 1880లో అణచివేశారు. మన్సబుదారీని రద్దు చేసి ముఠాదార్లకు సర్కారే నేరుగా సనదులు ఇచ్చింది. ఆ సనదుల్లో షరతులున్నాయి. ముఠాదారు విధేయుడిగా ఉండాలి, అలజడి జరిగితే కబురు చెప్పాలి, నేరస్థులను పట్టి అప్పగించాలి. తాతల నాటి నేల దొరవారి నమ్మకం ఉన్నంతకాలమే చేతిలో ఉంటుందన్నమాట.

ఇలాంటి కథే అమెరికాలోనూ జరిగింది. 1763లో బ్రిటిష్ రాజు ఒక ప్రకటన చేసి, అపలాచియన్ కొండలకు పడమటి భూములు అక్కడి ఆదివాసులవని, వలసదారులు అటు వెళ్లరాదని గీత గీశాడు. వలసదారులు ఆగలేదు. తర్వాత వారు రాజుపైనే యుద్ధానికి దిగినప్పుడు మోహాక్ తెగ నాయకుడు జోసెఫ్ బ్రాంట్ రాజు పక్షాన పోరాడాడు. గెలిస్తే తమ నేల నిలుస్తుందని ఆశ. రాజు ఓడాడు. 1783 పారిస్ సంధిలో ఆదివాసుల మాటే లేదు. మరుసటి ఏడు కెనడాలో గ్రాండ్ నది వెంట ఇరువైపులా ఆరేసి మైళ్ల భూమి ఇచ్చారు. అందులోనూ చాలా భాగం తర్వాత చేజారింది.

అందుకే ముఠాదార్ల గురించి అడిగితే నేను ఒక్క మాటలో తీర్పు చెప్పను. కొందరు స్వార్థానికి లొంగి ఉంటారు, కొందరు తమ ఊళ్లు కాలిపోతాయని భయపడి ఉంటారు. ఎదురు తిరిగినవారు ప్రాణాలు పోగొట్టుకున్నారు. విధేయులకు దక్కింది షరతుల కాగితం. రెండు వైపులా నలిగింది మనవాళ్లే.

1969 నాటి రెగ్యులేషన్‌తో ముఠాదారీ వ్యవస్థ రద్దయింది. మరుసటి ఏడాది 1/70 వచ్చి, షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా కట్టడి చేసింది. 2006 అటవీ హక్కుల చట్టం పోడు భూమిపై హక్కును గుర్తించింది. సనదుకూ ఈ చట్టాలకూ ఉన్న తేడా పిల్లలకు తెలియాలి. సనదు అంటే దొర మెచ్చి ఇచ్చిన బహుమానం. చట్టం గుర్తించిన హక్కు ఒకరి మెప్పు మీద ఆధారపడదు.

బోడుప్పల్‌లో వంద గజాల ప్లాటు కొన్నా కాగితాలు పదిసార్లు చదువుతాం. సెలవులకు ఇంటికి వెళ్లే మా పిల్లలకు నేను చెప్పేది ఒక్కటే: ట్రంకు పెట్టె అడుగున ఉన్న పట్టా తీసి, అందులో ఏముందో అమ్మానాన్నలకు చదివి వినిపించండి.